నీరు లేని ఏరు ఏరేనా?

ఏరు అనగా ఏమి? తరగతిలో ఈ ప్రశ్న వేసినచో ఏ పిల్లవాడైనను "పారెడు నీరు" అని వెంటనే చెప్పును. మన మారిషస్ ద్వీపమున పుట్టినవారికి ఇంతకంటె వేరు సమాధానము తోచదు. ఇచ్చట ఏడాదికి సగటున 2000 మిల్లీమీటర్ల వాన కురియును. కొండలనుండి దిగిన ఏరులు చెరకు తోటల నడుమ పారుచు సముద్రమును చేరుచున్నవి. నీరు లేని ఏటిని మనము కన్నులార చూచినది అరుదు.

ఐతే నీరు పూర్తిగా ఇంకిపోయి, ఏండ్ల తరబడి ఒక్క పాయయు పారనిచో, దానిని ఇంకను ఏరు అనవచ్చునా? వినుటకు ఇది మాటల ఆటవలె తోచవచ్చును. కాని కొంతకాలము క్రిందట మా గ్రామ మందిరపు తెలుగు బడిని గూర్చి పెద్దలు కూడి చర్చించినపుడు మా యెదుట నిలిచినది ఈ ప్రశ్నయే. బడికి వచ్చు పిల్లలు ఆరుగురు. వారు ఇంటిలో క్రియోల్ మాటలాడుదురు. పాఠశాలలో ఆంగ్లము, ఫ్రెంచి చదువుదురు. సాయంకాలము మందిరమునకు వచ్చి పద్యమును, భజనను తప్పులేక అప్పగింతురు. అర్థమడిగిన నేల చూతురు. "అర్థమెరుగని అక్షరములను మోయించుట పిల్లలకు శిక్ష, మనకు ఆత్మవంచన. బడిని మూసివేయుట మేలు" అని ఆ సభలో పలికినవారిలో నేనొకడను. చదువు చెప్పుటయే వృత్తిగా ముప్పది ఏండ్లు గడపినవాడనగుటచే నా మాటకు కొంత బరువు కలిగినది. నిర్ణయము తదుపరి సభకు వాయిదా పడినది. ఆ రెండు సభల నడుమ నేను బహ్రెయిన్ దేశమునకు వెళ్ళి వచ్చితిని. అచ్చట చూచినదియు విన్నదియు నా అభిప్రాయమును కదలించినవి. ఆ విషయమును పాఠక సోదర సోదరీమణుల ముందుంచుటకే ఈ వ్యాసము.

నా మేనల్లుడు అక్కడ ఒక హోటలులో ఉద్యోగము చేయుచున్నాడు. శీతాకాలపు సెలవులలో రమ్మని పిలువగా వెళ్ళితిని. బహ్రెయిన్ అనగా అరబీ భాషలో రెండు సముద్రములు అని అర్థము. ఒకటి ద్వీపమును చుట్టిన ఉప్పుసముద్రము, రెండవది నేలక్రిందనున్న తీయని నీరు అని కొందరు వ్యాఖ్యానింతురు. అచ్చట ఏడాదికి కురియు వాన సగటున 80 మిల్లీమీటర్లకు మించదు. నిత్యము పారు నది ఒక్కటియు లేదు. ఐనను పూర్వము ద్వీపమంతట మంచినీటి ఊటలుండెడివి. సముద్రపుటడుగున సైతము ఊటలుండగా, ముత్యములకై మునుగువారు తోలుతిత్తులతో క్రిందికి దిగి ఆ నీటిని పట్టి తెచ్చుకొనెడివారట. ఆ నీటిలో అధికభాగము ఆ ద్వీపముపై కురిసినది కాదు. పడమటనున్న అరేబియా భూమిపై ఎన్నడో కురిసిన వాన రాతిపొరలలో దిగి, సముద్రము క్రిందుగా నడచి వచ్చి ఇచ్చట పైకి పొంగినది. 1932లో జబల్ దుఖాన్ కొండ పాదమున చమురు పడుటకు వేల ఏండ్ల ముందునుండియు ఆ నేలను బ్రతికించినది ఈ నీరే. బార్బార్ గ్రామమున సుమారు నాలుగువేల ఏండ్లనాటి ఆలయ శిథిలములు కలవు. అందు ఊటబావికి దిగు రాతిమెట్లను చూచినపుడు మన కోనేళ్ళు జ్ఞప్తికి వచ్చినవి.

ఒక శుక్రవారము నా మేనల్లుడు నన్ను ఊరు చూపింపుమని ఒక కారు డ్రైవరుకు అప్పగించెను. అతడు తెలంగాణములోని జగిత్యాల ప్రాంతపువాడు. నలుబది యేండ్లు దాటియుండును. పండ్రెండేండ్లుగా గల్ఫు దేశములలో పనిచేయుచున్నాడు. నేను తెలుగులో పలుకరింపగా అతడు ఆశ్చర్యపడి, "సార్, మీరు పంతులు లెక్క మాట్లాడుతున్నరు" అని నవ్వెను. నా తెలుగు మందిరపు బడిలో పుస్తకమునుండి నేర్చినది. అతని తెలుగు తల్లి ఒడిలో నేర్చినది. మొదటి అర్ధగంట ఒకరి మాట ఒకరికి సగమే తెలిసినది.

"మీది ఏ ఊరు సార్?" అని అడిగెను. మారిషస్ అంటిని. "అది గాదు సార్. అసలు ఊరు. మీ తాతలది." ఓడ ఎక్కిన మా పూర్వుడు కోస్తా జిల్లాలవాడని విన్నామనియు, ఊరిపేరు మాకు తెలియదనియు చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "ఊరి పేరు లేకుంటే ఎట్ల సార్?" అనెను. ఆ మాటలో ఎగతాళి లేదు, జాలి యున్నది. అందుచేతనే అది నాకు గట్టిగా తగిలినది.

రిఫా పట్టణమున 1812లో కట్టిన కోట యొకటి కలదు. దాని ప్రక్క నిలిచి క్రిందికి చూచినచో హునైనియా అను లోయ కనబడును. ఆ లోయలోని బావినీరు మధురమైనదని పూర్వము పేరుపొందినది. మేము వెళ్ళినపుడు చుక్క నీరైనను కంటబడలేదు. నేల పాలిపోయిన గోధుమరంగున నుండెను. పొట్టి పొదలు మాత్రము అక్కడక్కడ, లోయలో మిక్కిలి పల్లమైనచోట, ఎవరో గీచిన గీతవెంట నాటినట్లు వరుసగా నుండెను. "నీరే లేదు గదా, దీనిని ఏటిలోయ అని ఏల అందురు?" అని నేను పైకే అంటిని.

డ్రైవరు వెంటనే, "లేకేం సార్, గిది వాగే. మా ఊరి వాగు ఎండకాలం అచ్చం గిట్లనే ఉంటది. నీళ్లు కనవడయి, గంతే. ఇసుకల చెలమ తోడితే మంచినీళ్లొస్తయి. మా అమ్మ బిందె పట్టుకపోయి అండ్లకెల్లే తెచ్చేది" అనెను.

వాగు, చెలమ. ఈ రెండు మాటలును నాకు ఏడేండ్ల వయస్సునుండి వచ్చును. మందిరపు బడిలో "ఏరు, వాగు, వంక, చెరువు, కుంట, చెలమ" అని రాగముతో వల్లె వేసితిమి. వాగు అనగా చిన్న ఏరు అనియే నా తలంపు. వానకాలమున ఉరికి, వేసవిని ఎండి, మరల వానకై కాచుకొని యుండునది వాగు అని నాకెవరును చెప్పలేదు. ఎండిన వాగు ఇసుకలో చేతితో తవ్విన గుంట చెలమ అనియు తెలియదు. మాకు చెప్పిన గురువుగారును ఈ ద్వీపమున పుట్టినవారే. ఆయనయు వాగును చూచియుండరు. ఆయన తాను విన్నదానిని విన్నట్లుగా మాకు అప్పగించెను. నలుబది యేండ్లకు పైగా అర్థము లేక నాలో పడియున్న ఆ మాట, ఆ ఎడారిలో నీరు లేని లోయయొడ్డున అర్థమును పొందినది. ఆ మాటను నాకు చిన్ననాడు ఎవరును అప్పగింపనిచో, ఆనాడు డ్రైవరు పలికినది నా చెవిని తాకి పోయెడిదే కాని లోపలికి దిగియుండదు.

అపుడు సభలో నేను పలికిన మాట జ్ఞప్తికి వచ్చినది. అందుకు ఆధారముగా నేను చూపినది యాస్కమహర్షిని. అర్థమెరుగక వేదమును వల్లించువాడు బరువు మోయు స్తంభమువంటివాడను భావము ఆయన నిరుక్తమున కలదు. మాట సత్యమే. కాని నేను ఒక సంగతి మరచితిని. యాస్కుని కాలమునకే అనేక వేదపదముల అర్థము మరుగుపడినది. మంత్రములకు అర్థమే లేదని కౌత్సుడను పండితుడు వాదించినట్లు ఆ గ్రంథముననే యున్నది. ఆ పదములు యాస్కుని చేతికి వచ్చినది ఎవరివలన? అర్థము తెలిసినను తెలియకున్నను, అక్షరము జారకుండ, తరతరములుగా మోసినవారి వలన. వారు బరువు దించియుండినచో అర్థము చెప్పుటకు యాస్కునికి ఏమి మిగిలియుండును? స్తంభమును నిందించుట సులభము. పైకప్పు నిలిచియున్నది దానిమీదనే గదా.

కనుక ఏరు అనగా నీరు మాత్రమే కాదు, నీటికొరకు తెరచియుంచిన దారి యని నాకు తోచినది. నీరు వచ్చుట మన చేతిలో లేదు. దారిని పూడ్చుటయు, పూడ్చకుండుటయు మన చేతిలోనివి. ఎడారి దేశములలో ఈ సత్యము కఠినముగా బోధపడినది. సౌదీ అరేబియాలోని జిద్దా నగరమున 2009 నవంబరు 25వ తేదీన కొన్ని గంటలు కురిసిన వానకు నూరుమందికి పైగా మరణించిరి. ఏండ్ల తరబడి ఎండియున్న వాగుల దారులలో ఇండ్లును వీధులును కట్టుట ఆ ఘోరమునకు ముఖ్యకారణమని తరువాత చెప్పుకొనిరి. మనుష్యులు దారిని మరచిరి గాని నీరు మరువలేదు. భాష వరదయై ఎవ్వరిని ముంచదు. దారి లేనిచో చప్పుడు చేయక వేరొకచోటికి పోవును. అందుచేతనే దాని నష్టము మనకు తెలియరాదు.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. "అట్లయిన, అర్థము లేని ప్రతి ఆచారమును కన్నులు మూసికొని మోయవలెనా? ఎండిన లోయను చూపి మాకొక నది కలదని గొప్ప చెప్పుకొనుట మిథ్యాభిమానము కాదా?" ఈ ఆక్షేపమును త్రోసివేయరాదు. దీనికి సమాధానము వెదకుటకు బహ్రెయినులోనే మరియొక ఎండుదలను చూడవలెను.

మనామా నగరమునకు సమీపమున అధారి అను ప్రసిద్ధమైన ఊట యుండెను. దాని నీరు కాలువలవెంట దూరపు ఖర్జూరపు తోటలకు పారెడిది. ఊటమట్టముకంటె చెంతనున్న నేల ఎత్తైనందున దగ్గరి తోటలకు అందెడిది కాదని చెప్పుదురు. దానినిబట్టి ఆ దేశస్థులలో ఒక సామెత పుట్టినది. తన వారిని విడిచి పరులకు మేలుచేయువానిని చూచి, అధారి దూరమును తడిపి దగ్గరను మరచినట్లున్నది అందురు. ఇరువదవ శతాబ్దమున గొట్టపుబావులు పెరిగి, నేలలోనికి చేరునదానికంటె ఎక్కువ నీటిని తోడుచు వచ్చిరి. మెల్లమెల్లగా ఊటలు క్షీణించినవి. అధారి సహజపు ఊటయు ఆగిపోయినది. నేడు ఆ దేశము ప్రధానముగా సముద్రపు నీటిని శుద్ధిచేసి త్రాగుచున్నది.

వాగు ఎండుటకును, అధారి ఎండుటకును భేదము కలదు. వాగు ఋతువునుబట్టి ఎండును. అందు దోషము లేదు. అధారి ఎండినది తోడినవారు తోడుచునే యుండి, మరల నింపుటను తలపకపోవుటచేత. మన తెలుగుదనము ఏ విధముగా ఎండుచున్నదని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. ఉగాదికి వేదికపై దీపము వెలిగింతుము. పూర్వుల కష్టములను గూర్చి ఉపన్యసింతుము. పట్టుబట్టలు కట్టి ఛాయాచిత్రములు తీయించుకొందుము. ఇవియన్నియు తోడుటయే. ఏడాదిలో మిగిలిన దినములందు ఒక్క క్రొత్త మాటనైనను నేర్చి ఆ నిధిలో వేసినది ఎవరు? పిల్లలు అర్థమెరుగరని నేను సభలో నిందించితిని. ఆ పిల్లలకు అర్థము చెప్పవలసినవాడను నేనే గదా! దోషము వల్లెవేయుటలో లేదు, వల్లెవేయించి అచ్చటనే ఆగుటలో ఉన్నది. దారిని తెరచియుంచుట మొదటి ధర్మము. ఆ దారిలో కూర్చుండి చెలమ తోడుట రెండవ ధర్మము. రెండవదానిని విడిచి మొదటిదానితో తృప్తిపడువానికే మిథ్యాభిమానము అను ఆక్షేపము తగులును.

మన సంప్రదాయమున దీనికి గొప్ప దృష్టాంతము కలదు. గయాక్షేత్రమున ఫల్గునది ఏడాదిలో చాలకాలము ఇసుకగానే కనబడెడిది. సీతాదేవి శాపముచే ఆ నది ఇసుక క్రిందుగా పారునని కథ. 2022లో అచ్చట ఆనకట్ట కట్టి నీరు నిలుపుటకు పూర్వము, పితరులకు పిండప్రదానము చేయ వచ్చినవారు చేతులతో ఇసుకను త్రవ్వి, ఊరిన నీటితో తర్పణము విడిచెడివారు. ఎండినదని ఎవ్వరును వెనుదిరిగి పోలేదు. పితరులకు ఇచ్చు నీరు పైన తేలుచు దొరకదు, వంగి త్రవ్విన దొరకును.

తిరుగు ప్రయాణమున డ్రైవరు తన సంగతి చెప్పెను. రెండేండ్ల ఒప్పందముపై వచ్చి, దానిని మరల మరల పొడిగించుకొనుచున్నాడు. ఊరిలో ఇల్లు కట్టించెను. అందు అతడు నిద్రించినది అన్నియు కలిపి ఆరునెలలు లేదు. కూతురు పెండ్లి యీడునకు వచ్చినది. ఆమె పెరుగుదలను అతడు చూచినది ఫోనులోనే. "ఈడోళ్లు అధారి అని ఒక ఊట ముచ్చట చెప్తరు సార్. దూరమున్నోళ్లకు నీళ్లిచ్చి దగ్గరున్నదాన్ని ఎండవెట్టిందట. నేను గూడ గంతే సార్. ఊర్ల అందరు పచ్చగున్నరు" అని రోడ్డును చూచుచునే పలికెను.

నేను మారు పలుకలేకపోతిని. మన పూర్వులును అటువంటి ఊటలే గదా! 1834 మొదలుకొని రమారమి నాలుగున్నర లక్షలమంది ఒప్పందపు కూలీలు మన ద్వీపమున దిగిరి. తొలినాళ్ళలో పురుషుని జీతము నెలకు ఐదు రూపాయలు. వారు తమ దాహమును అణచుకొని ముందు తరములను తడిపిరి. మనము వారి దూరపు తోటలము, పచ్చగా ఉన్నాము. ప్రతి సంవత్సరము నవంబరు 2వ తేదీన పోర్టు లూయీలోని ఆప్రవాసీ ఘాట్ మెట్లను తలచి నమస్కరింతుము. అది తగినదే. కాని నేడు మన ద్వీపమున వస్త్రపు కర్మాగారములలో, కట్టడపు పనులలో, ఒప్పందముపై వచ్చిన బంగ్లాదేశీయులు, భారతీయులు, నేపాలీయులు, మడగాస్కరువారు పనిచేయుచున్నారు. వారిలో ఒక్కరినైనను నిలిపి "నీది ఏ ఊరు?" అని నేను ఎన్నడైన అడిగితినా? జగిత్యాల డ్రైవరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదియే. నూటయేబది యేండ్ల క్రిందటి కూలీకి పూలదండ వేసి, నేటి కూలీని చూడక నడచిపోయినచో మనమును అధారివలె దూరమును తడిపి దగ్గరను మరచినవారమే అగుదుము. పితృఋణము చనిపోయినవారికి తిరిగి చెల్లింప వీలుకానిది. వారివలె బ్రతుకువారికి చెల్లించుటయే దానికి దారియని నా నమ్మకము.

తదుపరి సభలో నా మాటను నేను వెనుకకు తీసికొంటిని. బడి నడచుచున్నది. పిల్లలు నేటికిని ఆరుగురే. వాన కురిసినదని నేను చెప్పుట లేదు. పద్యము అప్పగించిన పిదప ఆనాటికి ఒక్క మాటను తీసికొని, దాని వస్తువును చూపియో, బొమ్మ గీచియో, అర్థము తెలిసినదాక కదలకుండ కూర్చుండుచున్నాము. మా ప్రాంతమున కట్టడపు పనికి వచ్చిన తెలుగు మేస్త్రి ఒకరిని ఒక ఆదివారము పిలిచితిమి. ఆయన తన ఊరి వాగును గూర్చి చెప్పగా పిల్లలు నోరు తెరచి వినిరి. ఒక బాలిక, "నీరు లేనపుడు వాగులో మీరు ఏమి చేసెడివారు?" అని తెలుగులోనే అడిగినది. "ఆడుకొనేవాళ్ళం తల్లీ" అని ఆయన సమాధానము.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస కూలీల పత్రములలో మా పూర్వుని వివరములను వెదకించితిని. సంఖ్య దొరకినది, తండ్రి పేరు దొరకినది. ఊరిపేరును ఆనాటి గుమాస్తా తనకు వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసెను. దానిని మూడు విధములుగా చదువవచ్చును. ఆ మూటిలో మా ఊరు ఏదియో ఇంకను తేలలేదు. చెలమలో మొదట ఊరునది బురదనీరేయని డ్రైవరు చెప్పియుండెను. దానిని తోడి పారబోసి కొంతసేపు కాచుకొని యుండవలెనట. అట్లే కాచుకొని యున్నాను. ఈ వ్రాతలో దోషములున్నచో పెద్దలు మన్నింతురుగాక.